టార్పాలిన్ కింద గుమ్మడిపాదు

నా చిన్నప్పుడు పక్కింట్లో ఒక అక్క ఉండేది. పెళ్ళయి కొండపల్లి వెళ్ళిపోతూ, ఆటో ఎక్కబోయి ఆగి, "ఏమే, పాదు మీద మళ్ళీ టార్పాలిన్ కప్పవు కదా?" అంది. "కప్పనక్కా, ఒట్టు" అన్నాను. ఆ తర్వాత మేం కలవనే లేదు.

ఆ టార్పాలిన్ సంగతి అంతకుముందుది. అప్పట్లో మా నాన్న ఆటోనగర్‌లో ఒకరి దగ్గర లారీల పని చేసి చేసి, చివరికి సొంత షెడ్డు పెట్టుకుంటున్నాడు. గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడికాయ మన పందిరిదే కావాలని ఆయన పట్టు. పాదుకు నీళ్ళు పోసేది నేనే. మొదటి పిందె కనపడగానే సంతోషం పట్టలేక వేలు పెట్టి చూపించాను. నాయనమ్మ నా చేతి మీద ఒక్కటేసింది. "పిందెకి వేలు చూపిస్తారటే! కుళ్ళిపోద్ది!"

ఇక ఎవరి దిష్టీ తగలకూడదని, ఇంట్లో పడి ఉన్న లారీ టార్పాలిన్ తెచ్చి పందిరి మీద కప్పేశాను. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు కూడా. వారం తిరిగేసరికి టార్పాలిన్ కింద ఆకులన్నీ పసుపుపచ్చబడ్డాయి, పిందె వడిలి రాలింది. నా వేలే చంపేసిందని పందిరి కింద కూర్చుని ఏడ్చాను.

ఇంటర్ చదివే ఆ పక్కింటి అక్క వచ్చి సంగతి విని, "నీ వేలికంత పవరుంటే మా లెక్కల మాస్టారికి చూపించవే తల్లీ" అని నవ్వి, టార్పాలిన్ లాగి అవతల పడేసింది. ఆకుకు కంటికి కనపడని చిల్లులుంటాయట. మనం ఊపిరితో వదిలే కార్బన్ డయాక్సైడ్ అనే గాలిని వాటిగుండా లోపలికి తీసుకుని, వేళ్ళు తెచ్చిన నీళ్ళతో కలిపి, ఎండ బలంతో చక్కెర చేస్తుందట. కాయ ఊరేది ఆ చక్కెరతోనేనట.

"నువ్వేమో పొయ్యి ఆర్పేసి అన్నం ఉడకలేదని ఏడుస్తున్నావు."

"గాలితో కాయ అవుద్దా అక్కా?" నేను నమ్మలేదు.

"అంతా మట్టి తినే పెరిగితే, పాదు కింద ఈపాటికి గొయ్యి పడాలిగా? చూడు."

వంగి చూశాను. గొయ్యి లేదు.

కొత్త చిగుళ్ళు వేసి పాదు తేరుకుంది. షెడ్డు ముహూర్తం నాటికి ఒకే ఒక్క కాయ, చిన్నదే, ఒళ్ళంతా బూడిదతో తయారైంది. దాన్ని కట్టి నాన్న, మా అమ్మాయి పెంచిందని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

పోయిన ఏడు మా ఆయన గుండెపోటుతో పోతే, నా జాతకం వల్లే అన్నవాళ్ళున్నారు. నేను తల వంచలేదు. ఏది దేనివల్ల జరిగిందో చూడకుండా నింద నెత్తికెత్తుకోకూడదని తొమ్మిదేళ్ళకే నేర్చుకున్నాను. అందుకే ఇవాళ తిండి సయిస్తోంది, నిద్ర పడుతోంది.

నాకు చదువు అంతంతమాత్రం. చెప్పింది నేను, రాసింది మా చెల్లెలి కూతురు. ఏదమ్మా, ఇప్పుడు నిదానంగా మొదటినుంచీ చదువు, వింటాను.