పచ్చరాతిలో ఇత్తడి బిళ్ల

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, కర్నూలు ఆఫీసులో సీనియర్ జియాలజిస్టుగా ఉండగా నా టేబుల్ మీదికి ఒక ఫొటో వచ్చింది. వేంపల్లె దగ్గర ఒక పల్లెలో పాత చర్చి గోడకు బిగించిన పలక అది. మూరెడు వెడల్పున్న ఆకుపచ్చ రాయి, దాని నడుమ అరచేతంత ఇత్తడి బిళ్ల, బిళ్ల మీద అరిగిపోయిన కిరీటంలాంటి బొమ్మ.

ఆ చర్చిని పడగొట్టి కొత్తది కడుతున్నారు. బిళ్ల ఇంగ్లండు రాణి పేరున పోసిందనీ, రాయి కూడా అక్కడిదేననీ చెప్పి, పట్నంలోని చర్చి పెద్దలు దాన్ని తమ ప్రదర్శనశాలకు తీసుకుపోతామన్నారు. ఊరివాళ్లు ఒప్పుకోలేదు. రాయి పరాయిదైతే పట్నానికి, ఇక్కడిదైతే ఊళ్లోనే అని రాజీపడి, అదేదో తేల్చమని మాకు రాశారు. నేను ఆ రంగూ నునుపూ చూసి, ‘దిగుమతి చేసుకున్న పచ్చ చలువరాయి’ అని ప్రాథమిక అభిప్రాయం రాసి పంపించేశాను. అప్పటికి నాది ముప్పై రెండేళ్ల సర్వీసు. నా మాటను ఎవరైనా కాదంటారని అనుకోలేదు.

కాదన్నారు. పదిరోజుల్లో ఊరి నుంచి అర్జీ వచ్చింది, సగం సంతకాలు, సగం వేలిముద్రలు. మేడమ్ స్వయంగా వచ్చి చూడాలట. నాకు ఒళ్లు మండింది. ఆ మంటతోనే జీపెక్కాను.

అప్పటికే పలకను గోడలోంచి ఊడదీసి బల్ల మీద పెట్టారు. పక్కన మరియమ్మ అనే డెబ్బై దాటిన మనిషి కాపలా కూర్చుని ఉంది. అర్జీ పెట్టించింది ఆమే. నేను బ్యాగు తెరవకముందే తన తాత సంగతి చెప్పింది:

“కరువులో ఈడ బాయి తవ్వినారు మేడమ్. మా జేజినాయన ఆ బాయిలోనే మట్టి కూలి సచ్చిపాయ. బాయి పూడిపాయ, ఆయప్పకు సమాధి గూడ లేదు. ఈ బిళ్లొకటే ఉండాది.”

నేను పలకను వెనక్కి తిప్పించాను. మెరుగు పెట్టని ఆ వైపు యాసిడ్ చుక్క వేశాను. చలువరాయైతే నురగ రావాలి, రాలేదు. నా మొదటి అభిప్రాయం అక్కడే సగం పోయింది. కానీ చలువరాయి కాని పచ్చరాళ్లు విదేశాల్లోనూ ఉన్నాయి. భూతద్దం పెట్టి చూస్తుంటే మరియమ్మ వంగి, పలక అంచున ఉన్న సన్నటి తెల్ల గీతను గోటితో గీరింది. పట్టుదారంలాంటి పోగు లేచింది.

“రాతినార. ఇరవై రెండేండ్లు మా గుట్ట మీద సుత్తితో ఇదే కొట్టినా. నార అడ్డంగా ఇట్ల పడేది మా రాయిలోనే,” అంది. ఆ ఆస్బెస్టాస్ నార దుమ్ము ఆమెకు మిగిల్చిన దగ్గు మాటమాటకూ వినిపిస్తూనే ఉంది. ఇంకెవరూ గోకకుండా పలకను తడిపించి, ఆమె చేతులు కడిగించాను.

వేంపల్లె పేరునే మా శాస్త్రంలో ఒక శిలావర్గం ఉంది. దాన్ని చదివి డిగ్రీ తీసుకున్నదాన్ని నేను. సిగ్గేసింది.

తర్వాత పలకను మళ్లీ ముందుకు తిప్పించి, బిళ్ల మీద పలుచటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దాను. కంటికి ఆనని గీతలు కూడా కాగితం మీద తేలతాయి. కింద తెలుగు అక్షరాలు లేచాయి: ‘బావి తవ్విన వారికి’. మరి కిరీటం సంగతేమిటని నేను గొణుక్కుంటుంటే మరియమ్మ నవ్వింది.

“కిరీటం యాడిది మేడమ్, అది కపిల బాన.”

ఎద్దులతో నీళ్లు తోడే తోలుసంచి. కిరీటపు వంపులనుకున్నవి బాన మూతి మీది ఇనుప కమ్మీలు, పైన గుండు అనుకున్నది మోకు ముడి. అంతకుముందు దాన్ని చూసిన చదువుకున్నవాళ్లమంతా రాణినే వెతికాం.

ఆమెనే వెంటబెట్టుకుని మూతబడిన రాతినార గని పక్కన రాళ్ల దిబ్బకు వెళ్లి ఒక ముక్క తెచ్చాను. పలక వెనక నుంచి గోరంత పెచ్చు తీశాను. కర్నూలులో రెండింటినీ కాగితమంత పలచగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెడితే, పచ్చ, తెలుపు పట్టీలు ఒకే వరుసలో, నార ఒకే తీరులో కనిపించాయి.

రిపోర్టును ‘తదుపరి పరిశీలనలో తేలినదేమనగా’ అని మొదలుపెడితే చాలని, తప్పు ఒప్పుకోవడం దేనికని మా పై అధికారి సలహా ఇచ్చారు. నేను మొదటి వాక్యంలోనే ‘నా పూర్వపు అభిప్రాయం తప్పు, దాన్ని ఉపసంహరించుకుంటున్నాను’ అని రాశాను. రిపోర్టు చివర ‘గుర్తించినవారు, హోదా’ అనే గడి ఉంటుంది. అందులో ఎప్పుడూ అధికారి పేరే పడుతుంది. నేను మొదట ‘మరియమ్మ, రాతినార గని కూలీ, ఇరవై రెండేళ్ల అనుభవం’ అని రాసి, కింద నా పేరు రాసుకున్నాను. పై అధికారి చివరికి సంతకం చేశారు.

పలక కొత్త చర్చి గోడలో ఉంది. నా సర్వీసులో నా పేరు రెండోదిగా వచ్చిన రిపోర్టు అదొక్కటే, నేను గొప్పగా చెప్పుకునేదీ అదే. కొత్తగా చేరినవాళ్లు అడిగితే ఒకటే చెబుతాను: రాయిని వెనక్కి తిప్పకుండా ఏమీ రాయకండి. ఆ రాయి కొట్టినవాళ్లు ఊళ్లో బతికి ఉంటే, బ్యాగు తెరిచే ముందు వాళ్లను అడగండి.