ఎబ్లా రోలు

బైదోవా ఊరి సంతలో పాలమ్మే ఎబ్లా నోటికి జడవని వాళ్లు లేరు. యుద్ధానికి ముందు ఆమె ఒక భుజం కనబడేలా రంగుల గుడ్డ చుట్టుకుని, నెత్తిన ఎర్ర రుమాలుతో తిరిగేది. ఇప్పుడు తుపాకీ కుర్రాళ్ల హుకుం ప్రకారం తల నుంచి మడమల దాకా దుప్పటంత నల్ల ముసుగు. ఈ ఉక్కలో పాలే విరిగిపోతున్నాయి, ఇక మనుషులెంత అని ఆమె సంతలోనే అనేది.

కూతురు హోదన్ పెళ్లి రేపనగా వాళ్లొచ్చి, ఆడవాళ్లు పెళ్లిపాటకు వాయించే డోలును కత్తితో చీల్చిపోయారు. ప్రార్థన చేసి భోజనాలు పెట్టేద్దామని అన్న బతిమాలాడు. ఎబ్లా ససేమిరా అంది. పెళ్లికూతురి తండ్రిని, బాబాయిలను, తాతలను పేరుపేరునా పాటలో చెప్పి పంపడం తల్లి పని. హోదన్ పొత్తిళ్లలో ఉండగానే, యుద్ధంలో మొగుడు గేడిని ఊరి బావి దగ్గర కాల్చి చంపారు. సమాధి కూడా లేదు. కూతురి పెళ్లిలోనైనా మొగుడి పేరు పలక్కపోతే ఇంకెక్కడ పలకాలి?

పెళ్లినాడు పొద్దున్నే చెక్క రోలు వాకిట్లో పెట్టించి, జొన్నలు పోసి, రోకలి అందుకుంది. ఎదుట వదిన ఇంకో రోకలి పట్టింది. ఆ దెబ్బల లయకు ఎబ్లా పాట ఎత్తుకుంటే, ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చప్పట్లు కలిపారు.

తుపాకీతో మహద్ వచ్చాడు. డోలు చీల్చిందీ అతనే. పరాయివాడేం కాదు, గేడి తమ్ముడి కొడుకు.

"ఆపు పెద్దమ్మా. ఆడవాళ్ల గొంతు వీధిలోకి రాకూడదు."

"జొన్నలు దంచుతున్నాన్రా. అదీ హరామేనా?"

"దంచుకో. పాట మాత్రం వద్దు."

ఎబ్లా రోకలి ఆపలేదు. "ఊరొదిలి పారిపోతుంటే దారిలో నిన్ను కంది మీ అమ్మ. గాడిద మీద తెచ్చుకున్న ఈ రోట్లోనే దంచి ఆవిడకి గంజి కాచాను. మీ నాన్న రోబ్లేని చంపిందీ ఆ బావి దగ్గరే. పాటలో గేడి తర్వాత వచ్చేది ఆయన పేరే. తీసెయ్యమంటావా? నీ నోటితో చెప్పు, తీసేస్తాను."

మహద్ అక్కణ్ణించి కదల్లేదు. ఎబ్లా గొంతు ఇంకాస్త పెంచి గేడి పేరు పాడింది, వెంటనే రోబ్లే పేరు. తండ్రి పేరు నలుగురి మధ్య వినడం మహద్‌కు అదే మొదటిసారి.

రోట్లో జొన్నలు ఎప్పుడో పిండయ్యాయి. ఎబ్లా ఇంకో చేటెడు పోసింది.