తొలి గింజ పెట్టే చెయ్యి

ఆ కుండీలో చిటికెడు డీఏపీ ఎరువు వేసింది నేనే. ఆ సంగతి నా భార్యకు చాలా ఏళ్లు చెప్పలేదు.

ప్రత్తిపాడులో మాది ఎరువుల కొట్టు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, నా భార్య బెంగళూరులో పూల ప్రదర్శన చూడబోయి, ఈగల్ని పట్టే మొక్క ఒకటి తెచ్చుకుంది. వీనస్ ఫ్లైట్రాప్ అంటారు. మా బోరు నీళ్లు ఉప్పన. అందుకని వాన నీళ్లు సీసాల్లో దాచి, కుండీ కింద పళ్లెంలో పోసేది. పిల్లలు లేని ఇల్లు. సాయంత్రాలు దాని దగ్గరే కూర్చునేది.

"చూడండి, కొత్త ఆకు ఎప్పుడూ మధ్యలోంచే వస్తుంది. ముందు కాడ సాగుతుంది. కొసన నోరు మూసుకునే ఉంటుంది. పూర్తిగా పెరిగాకే తెరుస్తుంది."

"నోరు మూసుకుని పెరిగేది ఈ ఇంట్లో అదొక్కటే."

ఆమె పకపకా నవ్వింది.

కొన్నాళ్లకు చుట్టూ ఉన్న ఆకులు నల్లబడ్డాయి. పాతవి అలాగే పోతాయి, కంగారు పడొద్దంది. నావి పత్తిచేలు చూసే కళ్లు. బలం చాల్లేదనుకున్నాను. ఆమె పుట్టింటికి వెళ్లినప్పుడు ఎరువు వేశాను. తిరిగొచ్చేసరికి మధ్యలో చిగురు కూడా మాడిపోయింది.

మా వీధిలో బీరపాదుకైనా, చిక్కుడుకైనా తొలి గింజ ఆమె చేత్తోనే పెట్టించుకునేవాళ్లు. ఒకరోజు వాళ్లంతా మా వాకిట్లో ఉండగా పక్కింటావిడ నవ్వింది.

"ఎరువుల కొట్టాయన ఇంట్లో మొక్క చచ్చిపోవడమేంటి అన్నయ్యగారూ?"

"మీ వదిన చెయ్యి మంచిది కాదులేమ్మా," అనేశాను.

ఆ తర్వాత ఎవరు పిలిచినా ఆమె వెళ్లలేదు. మా పెరడూ బీడుపడింది. రాత్రిళ్లు ఇద్దరం ఒకే గదిలో టీవీ చూసేవాళ్లం, ఎవరికి వాళ్లం.

కొన్నేళ్లకు విజయవాడ నర్సరీలో అలాంటి మొక్కే కనపడింది. "దీనికి ఎరువు వద్దండి. పురుగుల్లోంచే బలం తీసుకుంటుంది. ఎరువు తగిలితే వేళ్లు మాడిపోతాయి," అన్నాడు అమ్మే అతను. కొనకుండా వచ్చేశాను. ఇంటికొచ్చీ ఏమీ చెప్పలేదు.

మొన్న తొలకరికి పక్కింటావిడ బీర గింజలు పట్టుకొచ్చింది.

"వదినా, ఈసారైనా నువ్వే పెట్టాలి."

"నా చెయ్యి వద్దమ్మా. మీ అన్నయ్యగారు చెప్పారుగా."

అరుగు మీద నుంచి లేచాను.

"ఆమె చేతిలో ఏ దోషమూ లేదమ్మా. ఎరువు వేసి ఆ మొక్కను చంపింది నేను." నా భార్య వైపు తిరిగాను. "నువ్వు లేనప్పుడు వేశాను. అందరి ముందూ నింద నీ మీద పెట్టాను. తప్పు నాదే. నన్ను క్షమించు."