విస్తళ్లలో ఇంజిన్

మా వైపు యంత్రాలు బాగుచేసే మేస్త్రి ఒకాయన ఏ ఇంజిన్ విప్పినా సామాన్లను విప్పిన వరసలోనే అడ్డాకుల విస్తళ్లలో పెట్టేవాడు. వానలు పడేలోగా మా కొండకు దారి తవ్వాలని ఊరంతా కలిసి కొన్న పాత పొక్లెయిను, పిస్టన్లు పట్టేసి ఆగిపోతే ఆయన్నే పిలిచాం. నేను తొందరపెట్టాను.

"బోయినాల బంతిని మధ్యలో లేపుతారేటి బావూ?" అన్నాడు.

కొత్త పిస్టన్లు బిగించబోతుంటే ఒక మేక దూరి విస్తళ్లన్నీ నమిలేసింది. బోల్టులన్నీ కలిసిపోయాయి. ఈ ఏడాదికి దారి లేదనుకున్నాను. పని రానివాళ్లే అరుస్తారు, ఆయన అరవలేదు.

"దానికీ ఆకలేసింది. మళ్లీ ఆకులెయ్యండి," అని అరుగుదల గుర్తులు చూస్తూ ఒక్కో ముక్కా పేర్చాడు.

సాయంత్రానికి ఇంజిన్ మోగింది. వానలకు ముందే దారీ పడింది. ఇంజిన్ మోగిన ఆ సాయంత్రం అన్నం వడ్డించబోతే, విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి అడిగాడు:

"ముందు ఆ మేకని కట్టీసినారా?"