మా కాలేజీకి ఒక ఏడాది ఆలస్యం

నా చిన్నప్పుడు, ఆళ్లగడ్డ పక్కనున్న మా ఊళ్లో కాలేజీ కావాలని పట్టుబట్టింది చదువుకున్నవాళ్లు కాదు. కూలికి పోయే మా చర్చివాళ్లు, పొలాలున్న రైతులు కలిసి అనుకున్నారు. ఒక రైతు స్థలమిచ్చాడు, మావాళ్లు నాపరాళ్లు మోసి రెండు గదులు లేపారు. ఇవాళ అది విశ్వవిద్యాలయం. దాని గేటు ముందు బస్సు దిగే పిల్లలకు ఆ గదుల సంగతి తెలియదు. తెలియకపోయినా నాకు కోపం లేదు. నా కోపమంతా అప్పుడే అయిపోయింది, అదీ మా తాతయ్య మీద.

గదులు లేచాయి కానీ అనుమతి రావాలి. తనిఖీకి వచ్చే అధికారికి గ్రంథాలయం చూపించాలన్నారు. బీరువాలున్నాయి, పుస్తకాలు లేవు. పెద్దలు ఉపాయం పన్నారు. ఇంట్లో ఉన్న పుస్తకాలు ఒక్కపూటకు తెచ్చి పెట్టాలి, అడిగితే కాలేజీవేనని చెప్పాలి. ఊరంతా తెచ్చింది. మా ఇళ్లలో ఉండేవేమిటి? బైబిళ్లు, కీర్తనల పుస్తకాలు. రైతుల ఇళ్ల నుంచి పంచాంగాలు వచ్చాయి. నేను నా మూడో తరగతి వాచకం పెట్టి, కాలేజీని నేనే నిలబెట్టినట్టు మురిసిపోయాను.

నా ఆరాటమంతా పక్కింటి అక్క కోసం. ఇంటర్ పాసై ఇంట్లో కూర్చుంది. డిగ్రీకి నంద్యాల పంపేది లేదని వాళ్ల నాయన తెగేసి చెప్పాడు. ఊళ్లో కాలేజీ వస్తే చదువు, లేకుంటే చేను.

అధికారి వచ్చాడు. ఒక పుస్తకం తీశాడు, బైబిలు. ఇంకోటి తీశాడు, అదీ బైబిలే. మూడోది పంచాంగం. నవ్వలేదు. తలుపు దగ్గర నిలబడ్డ మా తాతయ్యనే అడిగాడు, ఇవి కాలేజీవేనా అని.

"కాదు సార్. ఇండ్లల్లో అడిగి తెచ్చినాం. సాయంత్రానికి ఎవరివి వాళ్లకు ఇచ్చేయాల."

సొంత పుస్తకాలు సమకూరాక పిలవమని అధికారి వెళ్లిపోయాడు. ఆ ఏటికి అనుమతి పోయింది. "ఏందప్పా, నోరు మూసుకోని ఉంటే ఏం పోయేది?" అని ఊరంతా తాతయ్య మీద పడింది. అక్క పొయ్యి దగ్గర కూర్చుని ఏడుస్తుంటే చూసి, నీతో ఇంక మాట్లాడనని తాతయ్యకు నేనూ చెప్పేశాను.

ఆ సాయంత్రమే తాతయ్య నా చెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకుపోయాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పాపకు ఏడాది పోయింది. పోగొట్టింది నేను. చేన్లో పాప చేసే పని నేను చేస్తా. పుస్తకం మాత్రం ఇడిపించొద్దప్పా" అన్నాడు.

అక్క వాళ్ల నాయన "ఒక్క ఏడాదే" అన్నాడు.

ఆ ఏడాదంతా తాతయ్య తన కూలి ముగించుకుని వాళ్ల చేన్లో కలుపు తీశాడు. ఆడవాళ్ల పని చేస్తున్నాడని నవ్వినవాళ్లు నవ్వారు. ఆదివారం ఆరాధన కాగానే సంచి తీసుకుని గోస్పాడు దాకా పోయి బడి పంతుళ్లను పుస్తకాలు అడిగేవాడు. "మళ్లా ఎనక్కి అడగరు గదా సార్?" అని ఒకటికి రెండుసార్లు అడిగి తీసుకునేవాడు. తెచ్చిన ప్రతి పుస్తకానికీ అక్క అట్ట వేసేది. మరుసటి ఏడు అదే అధికారి వచ్చాడు. ఒక పుస్తకం తీసి, నిలబడే రెండు పేజీలు చదివి, సంతకం పెట్టాడు. అక్క మొదటి బ్యాచిలో చేరింది. తర్వాత అక్కడే పాఠాలు చెప్పింది. నాకూ చెప్పింది. నేను తిన్న ప్రతి ముద్దా ఆ చదువు పెట్టిందే.

నిజం చెప్పాలని నాకు చాలామంది నేర్పారు. ఆ నిజం వల్ల ఎవరు నష్టపోయారో వాళ్ల గుమ్మానికి ఆ రోజే పోయి నిలబడాలని చూపించింది మా తాతయ్య ఒక్కడే. ఇన్నేళ్లలో నేను మూడుసార్లు అలా వెళ్లాను. మూడుసార్లూ కూర్చోమన్నా కూర్చోలేదు.