ఎనిమిది దినాల హుషారు

మధ్యాహ్నం రెండింటికి మహబూబాబాద్ పెద్ద దవాఖానలో మానసిక వార్డుకు చేరాము. వాన. కొత్తగూడ నుంచి తడిసే వచ్చాము. కిటికీ పక్క మంచం నా బిడ్డ స్వరూపది. కింద చాప నాది. సామాను: రెండు చీరలు, గిన్నె, దువ్వెన, నీళ్ల సీసా.

నాకు సంతకం మాత్రమే వచ్చు. నేను చెబుతుంటే మా ఊరి ఆశా కార్యకర్త రాస్తోంది. నా మొగుడు సిపాయి. మంచు కొండల మీద కాపలా కాశాడు. పోయి ఆరేళ్లు. సెలవుకొచ్చినప్పుడు అనేవాడు: "కావలి ఉన్నోడు చూసింది చెప్పాలె, అనుకున్నది కాదు. అంతా మంచిగున్నా సరే, కొత్తగ కనవడ్డది ఏదైనా చెప్పాలె." ఆ వార్డులో నా డ్యూటీ అదే.

స్వరూప నాలుగు నెలలుగా మంచం దిగలేదు. రోజుకు పద్నాలుగు గంటలు నిద్ర. కాళ్లూ చేతులూ రాళ్లయ్యాయనేది. ఒకనాడు "నేను లేకుంటే నీకు నిమ్మళం అవ్వా" అంది. ఆ మాటకే బస్సెక్కించాను.

మరునాడు పదింటికి డాక్టరమ్మ వచ్చింది. "డిప్రెషన్ అంటే ఒక్కటే కాదమ్మా. రకాలుంటయి. రకం తెల్వకుంట గోలి ఇస్తే ఉల్టా కొడ్తది." ఒక్కొక్కటే అడిగింది. తిండి ఎంత? బాధ పొద్దున ఎక్కువా, సాయంత్రమా? ఎవరూ లేకుండా మాటలు వినబడతాయా? ఏటా ఒకే కాలంలో వస్తుందా? చూసింది చూసినట్టు చెప్పాను.

చివరికి అడిగింది: "ఎప్పుడన్న మామూలు కంటె ఎక్కువ హుషారుగ ఉన్నదా?"

"లేదమ్మా."

"అయితే రేపు పొద్దుగాల గోలి మొదలువెడ్తం."

నాలుగింటికి చాయ్. పక్క మంచం ముసలాయన భార్య అడిగింది: "నీ బిడ్డ ముందు ఎట్లుండె అక్కా?"

"నా బిడ్డా? పోయినేడు మిర్చి ఏరుట్ల ఇద్దరి పని ఒక్కతే చేసింది. ఎనిమిది దినాలు కునుకు తియ్యలే. ఒకటే పాటలు, ముచ్చట్లు. మేస్త్రీ ఊరంత చెప్పుకున్నడు."

"ఎనిమిది దినాలా? నా మొగడు అట్ల మేల్కొనుంటే బయటికెల్లి గొళ్లెం వెడ్దును."

నవ్వాను. నవ్వు సగంలో ఆగింది. అది గొప్ప అనుకున్నాను, జబ్బులో కలపలేదు. చూసింది దాచిన కావలిని నేను.

డాక్టరమ్మ కోసం ఉరికాను. వరండాలో సిస్టర్ ఆపింది. "మేడం పోతున్నరు, రేపు చెప్పు."

"రేపు గోలి మింగుతది. ఇప్పుడే చెప్పాలె."

నా కేక విని డాక్టరమ్మ గొడుగు మూసి వెనక్కి వచ్చింది. ఆ ఎనిమిది దినాల సంగతి చెప్పాను. స్వరూప దగ్గర అరగంట కూర్చుంది. నా బిడ్డ మెల్లగా చెప్పింది: "అప్పుడు నా తలల పది రేడియోలు మోగినయి మేడం."

"ఆ హుషారు, ఈ కుంగుడు, రెండూ ఒకటే జబ్బు. బైపోలార్ అంటరు. దీని మందు వేరే." డాక్టరమ్మ కాగితం మీద పాత గోలి పేరు కొట్టేసింది. నా దిక్కు తిరిగి, "మంచి పని చేసినవమ్మా" అంది. సిపాయి పెళ్లాన్ని మరి.

తొమ్మిదో నాడు స్వరూప దువ్వెన అడిగింది. పద్దెనిమిదో నాడు పొద్దున ఎనిమిదింటి బస్సుకు ఇంటికి. కిటికీ సీటు తానే పట్టుకుంది.

ఈ ఏడు మిర్చికి వచ్చింది. గోలి తప్పలేదు. మధ్యాహ్నానికి ఒక్క సంచి నింపి గట్టు మీద కూలబడింది.

"గింతేనా ఇయ్యాల?" అన్నాడు మేస్త్రీ.

"గింతే" అన్నాను, తలెత్తి.

"అలిసిపోయిన అవ్వా" అంది స్వరూప. ఆ ఎనిమిది దినాల్లో ఒక్కసారీ అనని మాట. ఎర్రబడ్డ చేతులు ఒళ్లో పెట్టుకొని, ఎండలో నోరంతా తెరిచి ఆవలించింది. ఆ ఆవలింత నా కండ్ల ముందు నుంచి పోదు.