అడ్డకర్ర మీదుగా ఒక్క పాయింటు

ఆ రోజుల్లో సింగపూర్‌లో కంప్యూటర్ ముట్టుకోవడం వస్తే చాలు, ఉద్యోగం ఎదురొచ్చి చెయ్యి పట్టుకునేది. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ చేతులెత్తేస్తాయని లోకం వణుకుతుంటే, ఆ భయం మీద మాలాంటి కుర్రాళ్ళం హాయిగా బతికాం. ఇరవై ఏళ్ళకే నా మెడలో ఆఫీసు కార్డు వేలాడేది. (నిద్రలో కూడా తీసేవాణ్ణి కాదు.) మా మేనేజరు ఐర్లండు మనిషి. ఎర్ర గడ్డం ఉండేది కనుక చాటున గడ్డం దొర అనేవాళ్ళం. ఆయనకి సాఫ్ట్‌వేర్ కంటే వాళ్ళ దేశపు గేలిక్ ఫుట్‌బాల్ మీద ప్రేమెక్కువ. ఆ ఏడాది కుర్రాళ్ళ ఛాంపియన్‌షిప్‌కి జట్టు కడుతూ, ఒక మనిషి తక్కువై, నా ఎత్తు చూసి నన్ను లాగేశాడు. ఆ ఎత్తుతో నేను మా ఊళ్ళో ఆడింది వాలీబాల్ ఒక్కటే.

ఈ ఆటలో బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు, పిడికిలితో గుద్దొచ్చు. రెండు స్తంభాలు, వాటి మధ్య అడ్డకర్ర, దాని కింద నెట్. బంతి నెట్‌లో పడితే మూడు పాయింట్లు, అడ్డకర్ర మీదుగా పోతే ఒకటి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకోలేదు.

సీజనంతా నా పని కాలవలో పడ్డ బంతులు ఏరుకురావడం. బూన్ లేలో నేను అద్దెకున్న అంకుల్ ఇంట్లో మాత్రం కథ వేరు. ఆయన తాతలు ఎప్పుడో కోస్తా నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఆదివారం సాయంత్రం ఆంటీ టీ చేతికిచ్చి, "ఇవాళ ఎన్ని కొట్టావు తంబీ?" అని అడిగేది. ఆవిడ మొహం చూస్తే సున్నా అని చెప్పబుద్ధయ్యేది కాదు. మొదటి వారం రెండు కొట్టాను. రానురాను నా ప్రతిభ పెరిగింది. ఒకసారి జోరువానలో కళ్ళు మూసుకుని కొట్టాను. (వాన నిజం.)

ఫైనల్ ముందురోజు అంకుల్, "రేపు మేమందరం వస్తాం తంబీ. ఆంటీ పులిహోర కడతాది, ఆడినాక మకాన్ అక్కడే," అన్నాడు. మకాన్ అంటే అక్కడి మాటలో తిండి. ఆ సంగతి అలా ఉంచి, రేపు నేను గట్టు మీదే కూర్చుంటే ఆ ఇంట్లో నా పరువేం కావాలి?

దేవుడు ఆలకించాడు. ఆట చివర్లో, స్కోరు సమానంగా ఉండగా, మా గోల్‌కీపర్ చీలమండ బెణికింది. "నువ్వు బాగా ఎగురుతావుగా, వెళ్ళు," అన్నాడు గడ్డం దొర. ఆంటీ లేచి నిలబడి చెయ్యి ఊపింది.

అవతలివాడు ఒక్క పాయింటు కోసం పైకి తన్నాడు. నేను ఎగిరి, అడ్డకర్ర పైన రెండు చేతులూ అడ్డుపెట్టి ఆపేశాను. మైదానమంతా అరిచింది. బంతి నా నెత్తి మీదకి లేచింది. దాన్ని చూస్తూ వెనక్కి తిరిగాను. ఎదురుగా నెట్, తల మీద బంతి. చిన్నప్పటి అలవాటు, ఇంక ఆలోచించేదేముంది? ఎగిరి నెట్ అవతలికి కొట్టాను.

మా అడ్డకర్ర మీదుగా, వాళ్ళ ఖాతాలోకి. వెంటనే చివరి విజిల్.

మా వైపు ఎవరూ కదల్లేదు. పులిహోర డబ్బా పక్కనుంచి మాత్రం చప్పట్లు ఆగలేదు. గడ్డం దొర కాసేపు గడ్డం నిమురుకుని, "ఎందుకు?" అన్నాడు.

"నెట్ కనబడింది సార్," అన్నాను.

రైల్లో ఆంటీ అవతలి సీట్లో కునుకు తీస్తుంటే, అంకుల్ నా చెవి దగ్గరికి వంగాడు.

"తంబీ, నువ్వు కొట్టింది మన గేటా, వాళ్ళ గేటా?"

"మనదే అంకుల్."

"మరి అన్ని ఆదివారాలూ కొట్టినవి?"

నేను కిటికీలోంచి చూశాను.

"ఆంటీకి చెప్పకు," అన్నాడాయన. "చోవా చూ కాంగ్‌లో వాళ్ళక్కకి అప్పుడే ఫోన్ చేసి చెప్పేసింది."

ఇప్పటికీ ఆ ఇంటికెళితే ఆంటీ మనవల్ని పిలిచి, "ఫైనల్లో చివరి పాయింటు ఈ అంకుల్‌దే," అంటుంది. "అంకుల్ సో గుడ్ లా," అంటూ వాళ్ళు నా పొట్ట వైపు అనుమానంగా చూస్తారు. పెద్దాయన కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, టీ ఊదుకుంటాడు. నేనూ ఊదుకుంటాను. ఆంటీ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఆ కుర్రాడు నిజంగానే అంత ఎత్తు ఎగిరాడు.